డాక్టరు సీటు దగ్గరలో ఉందని పొలం అమ్ముకోవాలా?

(గన్నవరం విలేఖరి)

నీట్ ఫలితాలు వచ్చిన నాటి నుంచి కౌన్సెలింగ్ చివరి విడత ముగిసేవరకు మన గ్రామాలలో ఒకటే చర్చ. ఏ అరుగు మీద చూసినా, ఏ టీ కొట్టు దగ్గర విన్నా "మీ పిల్లాడికి ఎక్కడ వచ్చింది?" అన్న ప్రశ్నే. మంచి ర్యాంకు వచ్చినవారికి బాధ లేదు. అసలు రానివారు వేరే దారి చూసుకుంటారు. అటూ ఇటూ కాని ర్యాంకు వచ్చిన పిల్లల తలిదండ్రులకే చిక్కంతా. శ్రీకాకుళంలోనో, ఒంగోలులోనో ప్రభుత్వ కళాశాలలో సీటు వచ్చేలా ఉంటుంది. డబ్బు కడితే ఇంటికి దగ్గరలోనే యాజమాన్య కోటా సీటు దొరికేలా ఉంటుంది. ఏది పట్టుకోవాలి, ఏది వదలాలి? చాలా ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు రిజిస్ట్రారు ఆఫీసులో, పొలం అమ్మకం కాగితాల మీద తేలుతున్నది. ఇది తొందరపాటు. దూరమైనా తక్కువ ఫీజు సీటే రైతు కుటుంబానికి మేలు.

చదువులు గుమ్మంలోకి వచ్చాయి

మన తాతల కాలంలో ఇంత ఎంపిక లేదు. వైద్యం చదవాలంటే 1923లో పెట్టిన విశాఖపట్నం కళాశాల, తర్వాత 1946లో వచ్చిన గుంటూరు కళాశాల. విజయవాడలో సిద్ధార్థ వైద్య కళాశాల 1980లో ప్రైవేటు యాజమాన్యం కింద మొదలై 2000లో ప్రభుత్వపరమైంది. 2002లో మన మండలంలోనే చినఆవుటపల్లిలో పిన్నమనేని సిద్ధార్థ కళాశాల వచ్చింది. 2018లో మంగళగిరి ఎయిమ్స్ తరగతులు, 2023లో బందరు ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమయ్యాయి. కనుచూపు మేరలో కళాశాల ఉండగా పిల్లలను రాత్రి రైలెక్కించి శ్రీకాకుళం పంపడం ఏమిటని తల్లులకు అనిపించడం సహజం. కాని దగ్గరితనానికి కట్టే ధర ఎంతో ముందు లెక్క చూసుకోవాలి.

ఒకే బెంచీ, మూడు ఫీజులు

ప్రభుత్వ కళాశాల మంచిది, ప్రైవేటు చెడ్డది అని కాదు ఇక్కడ చెప్పేది. చూడవలసింది కళాశాల పేరు ఒక్కటే కాదు, సీటు ఏ కేటగిరీ అన్నది. రాష్ట్ర ప్రభుత్వం 2020లో ప్రైవేటు వైద్య కళాశాలలకు ఖరారు చేసిన ఫీజులు గమనించండి. కన్వీనర్ కోటా సీటుకు ఏటా 15 వేల రూపాయలు. బి కేటగిరీకి 12 లక్షలు. ఎన్.ఆర్.ఐ. కోటాకు 36 లక్షలు. ముగ్గురూ ఒకే బెంచీ మీద కూర్చుంటారు, ఒకే పాఠం వింటారు.

నాలుగున్నరేళ్ల చదువుకు బి కేటగిరీ లెక్క కడితే 54 లక్షలు. హాస్టలు, పుస్తకాలు దీనికి అదనం. ఈ ఫీజులు తర్వాత పెరిగాయే గాని తగ్గలేదు. 1983లో మన రాష్ట్రం కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీం కోర్టు 1993లో ఉచిత సీట్లు, చెల్లింపు సీట్లు అని విభజన చేసింది. అప్పటినుంచి దొంగచాటు డబ్బు స్థానంలో రసీదు ఉన్న డబ్బు వచ్చింది. రసీదు ఉన్నంత మాత్రాన భారం తగ్గుతుందా?

కొత్త ప్రభుత్వ కళాశాల అయినా కేటగిరీ చూడక తప్పదు. 2023లో ప్రారంభించిన బందరు వంటి కళాశాలల్లో కొంత భాగం సీట్లను ఏటా 12 లక్షలు, 20 లక్షలు ఫీజుతో ఇవ్వాలని ఆనాటి ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. కాబట్టి బోర్డు మీద 'ప్రభుత్వ' అన్న మాట చూసి సంతకం చేయకూడదు.

బ్యాంకు ఉంది కదా అంటారు. విద్యా రుణాలలో ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి హామీ అడుగుతారు. అంటే అమ్మకపోయినా పొలం తాకట్టు పెట్టవలసిందే. సార్వా, దాళ్వా మీద బతికే కుటుంబం ఆ వడ్డీని ఎక్కడనుంచి తెస్తుంది?

డాక్టరును చేసేది రోగి

రాష్ట్రంలో ప్రభుత్వ కళాశాలలో చదివినా, ప్రైవేటులో చదివినా పరీక్ష పెట్టేది విజయవాడలోని హెల్త్ యూనివర్సిటీయే. 1986లో ఏర్పడిన ఆ యూనివర్సిటీ పేరే డిగ్రీ మీద ఉంటుంది. తర్వాత పి.జి. సీటుకు రాసే నీట్ పరీక్షా అందరికీ ఒకటే. 54 లక్షలు కట్టినవారికి అక్కడ అదనపు మార్కులు వేయరు.

మరి తేడా ఎక్కడ? ఆసుపత్రిలో. 100 సీట్లున్న కళాశాలకు కనీసం 420 పడకల ఆసుపత్రి ఉండాలని జాతీయ మెడికల్ కమిషన్ 2023 నాటి నిబంధన. పడకలు ఉండటం వేరు, వాటిమీద రోగులు ఉండటం వేరు. కాన్పులు, పాముకాట్లు, పురుగుమందు కేసులు, రోడ్డు ప్రమాదాలు కళ్లారా చూసి, చేతులారా వైద్యం చేసిన కుర్రాడే రేపు ధైర్యంగా రోగి నాడి పట్టుకుంటాడు. పెద్దాసుపత్రి వరండాలో జనం కిటకిటలాడుతున్నారని మనం ముక్కు మూసుకుంటాం. ఆ జనమే విద్యార్థికి పాఠ్యపుస్తకం. సీటు ఎంచుకునే ముందు తలిదండ్రులు అద్దాల భవనాన్ని కాదు, ఉదయం పదిగంటలకు ఓ.పి. చీటీల వరుసను వెళ్లి చూడాలి. అక్కడి హౌస్ సర్జన్లతో మాట్లాడితే అరగంటలో నిజం తెలిసిపోతుంది.

ఆడపిల్ల అని...

ఆడపిల్లల విషయంలో ఈ తొందర మరీ ఎక్కువ. దూరం పంపలేమంటూ దగ్గరలో బి కేటగిరీ సీటు కొంటున్నారు. పెళ్లినాడు ఇవ్వవలసిన ఎకరాన్ని సీటుకే ఇచ్చామని సర్దిచెప్పుకుంటున్నారు. తీరా పెళ్లి సంబంధాలు వచ్చేసరికి మళ్లీ కట్నం మాట రాక మానదు. ఒంగోలు, కాకినాడ హాస్టళ్లలో మన జిల్లా ఆడపిల్లలు చదవడం కొత్త కాదు. ర్యాంకు తెచ్చుకోగలిగిన పిల్ల హాస్టల్లో ఉండలేదా? ఆ మాట ఒక్కసారి ఆ పిల్లనే అడగాలి.

విదేశాల మాట

తక్కువ ఖర్చని చెప్పి విదేశాలకు పంపే ఏజెంట్లూ ఊళ్లలో తిరుగుతున్నారు. 2022లో యుద్ధం వచ్చి ఉక్రెయిన్ నుంచి మన పిల్లలు చదువు మధ్యలో ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన సంగతి మరచిపోరాదు. 2021 నవంబరు నిబంధనల ప్రకారం విదేశీ కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లీషులో చెప్పాలి, అక్కడ ఏడాది, ఇక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. ఇక్కడి అర్హత పరీక్షలో 300కు 150 మార్కులు రావాలి. ఇవన్నీ చెప్పని ఏజెంటుకు అడ్వాన్సు ఇవ్వకూడదు.

ఆప్షన్లు పెట్టేది ఎవరు?

పూర్వం యూనివర్సిటీలో పేరు పిలిస్తే విద్యార్థి తండ్రితో కలిసి లోపలికి వెళ్లి సీటు ఎంచుకునేవాడు. ఇప్పుడు నెట్ సెంటరులో ఎవరో కుర్రాడు హడావుడిగా ఆప్షన్లు కొట్టిపెడుతున్నాడు. ఆ వరుసే బిడ్డ భవిష్యత్తు. ర్యాంకును బట్టి వరుసలో ముందున్న దానికే సీటు ఇస్తారు. తర్వాతి విడతలో పై ఆప్షనుకు మారితే పాత సీటు మీద హక్కు పోతుంది. కనుక ఇంట్లో కాగితం మీద వరుస రాసుకుని, బిడ్డ ఇష్టాన్ని కలుపుకుని, అప్పుడు సెంటరుకు వెళ్లాలి. చేరే ఉద్దేశం లేని కళాశాలను అసలు రాయకూడదు. ఎక్కడా సీటు రాకపోతే లోకం మునిగిపోదు. గన్నవరంలోనే 1998లో ఏర్పడిన పశువైద్య కళాశాల ఉంది. పాడి ఉన్న జిల్లాలో ఆ చదువు చిన్నదేమీ కాదు.

ఈ లెక్కలన్నీ ప్రతి తండ్రీ ఒంటరిగా వెతుక్కోవలసి రావడం న్యాయం కాదు. ఒక్కో కళాశాలలో కేటగిరీవారీ ఫీజు, హాస్టలు ఖర్చు, పడకలు, రోజువారీ ఓ.పి., హౌస్ సర్జన్‌కు ఇచ్చే స్టైపెండు ఎంతో ఒకే పట్టికగా తెలుగులో అచ్చువేసి, నోటిఫికేషన్‌తోపాటు మండలాల్లోని జూనియర్ కళాశాలలకు హెల్త్ యూనివర్సిటీ పంపాలి. దానికయ్యే ఖర్చు కాగితం ఖర్చే. ఆ పట్టిక వచ్చేదాకా మాత్రం రైతు సోదరులు పొలం బేరం పెట్టే ముందు కౌన్సెలింగ్ చివరి విడత వరకు ఓపిక పట్టడం మంచిది.