వంటయిల్లు, చిత్రశాల

మనస్సుకు ఉత్తేజము కలిగించే వస్తువు ఎక్కడో దూరదేశములోనో, అరుదైన గ్రంథములోనో ఉంటుందని మనలో చాలమంది భావన. సెలవు దొరికితే కొండలకో, సముద్రతీరానికో ప్రయాణము కట్టడము అందువల్లనే. ఆదివారము ఉదయము ఇంట్లో పచ్చడి నూరుకొని, సాయంకాలము ఊరిలోనే నాలుగు బొమ్మలు చూచి వచ్చినవాడు ఏమి సంపాదించుకొన్నట్లు? అడుగదగిన ప్రశ్నే ఇది.

ఈ ప్రశ్నను పరీక్షించడానికి మాదాపూరును మించిన స్థలము లేదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి అక్కడి రాతిగుట్టల నడుమ అద్దాల మేడలు లేస్తూనే ఉన్నవి. 2019లో మెట్రో రైలు రాయదుర్గము వరకు వచ్చినది. దినమంతా కంప్యూటరు తెరకు కన్నులప్పగించే యువతీయువకులకు ఆకలి వేస్తే ఫోను మీద వ్రేలు మోపితే చాలును, అన్నము గుమ్మములోనికి వస్తుంది. వారిని తప్పుపట్టడము మా ఉద్దేశము కాదు. అర్ధరాత్రి ఇల్లు చేరినవానిని పొయ్యి ముట్టించుకొమ్మనడము సులభమే. ఆ హితవు చెప్పే పెద్దమనిషికి మాత్రము ప్రొద్దున్నే కాఫీ చేతికి అందుతూ ఉంటుంది!

ఆ మేడల చెంతనే 1992 నుండి శిల్పారామము ఉన్నది. అందులోని గ్రామీణ ప్రదర్శనశాలలో పల్లె ఇండ్లను, వృత్తిపనివారిని నిలువెత్తు బొమ్మలుగా తీర్చినారు. ఇటీవల అక్కడ ఒక చిన్నపిల్ల రోటిని చూచి, ఇది దేనికని తండ్రిని అడిగినది. “మీ నానమ్మ ఇండ్ల తొక్కు నూరేది బిడ్డా” అన్నాడతడు. “మరి ఇప్పుడెందుకు నూరదు?” అన్నది పిల్ల. తండ్రి నవ్వి ఊరకున్నాడు. మేమూ ఊరకున్నాము కాని ఆ ప్రశ్న మా వెంట ఇంటికి వచ్చినది.

మన పూర్వులు వంటయింటిని, చిత్రశాలను వేరుచేసి ఎరుగరు. చేర్యాల నకాశీ చిత్రకారులు గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల జిగురు పట్టించి, ఆ మీద కథను బొమ్మలుగా వ్రాస్తారు. కొండపల్లి బొమ్మకు కాలూ చేయీ అతికించేది చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన ముద్ద. శ్రీకాళహస్తి కలంకారీలో రంగు చెదరకుండ గుడ్డను పాలలో, కరక్కాయ రసములో ముంచుతారు. నల్లరంగును బెల్లపు నీటిలో ఇనుపముక్కలు నాననిచ్చి తీస్తారు. పులుసు పిసికిన ఇంటనే కుంచెకు కావలసిన సరుకూ ఉండేది. సంక్రాంతికి తెలంగాణములో సకినాలు చుట్టే ఇల్లాలి వ్రేళ్ళు చూడండి. అచ్చు లేదు, కొలబద్ద లేదు. తడిపిండి తీగ ఆమె వ్రేళ్ళ నడుమ మెలితిరిగి, గుడ్డ మీద చుట్టుచుట్టుగా ఒదుగుతుంది. దానిని రేఖాచిత్రము అనకపోవడానికి కారణము, మనము దానిని తినివేయడమే!

అయితే ఒక సత్యము దాచరాదు. పాతవంటను పొగడినవారు వేరు, పొగలో నడుము వంచినవారు వేరు. మిక్సీ వచ్చిననాడు మన తల్లులు సంతోషించినారు. అది న్యాయమైన సంతోషము. కనుక పాతరుచులు మరల కావలెననే మగవారు ముందు పచ్చడిబండ తాము పట్టుకోవలెను. మేము ఏబదియేండ్లు దాటిన పిమ్మట గాని దానిని పట్టుకొనలేదు. గోంగూర నూరిన తొలిదినమున చేయి నొచ్చినది. మెతుకు మెతుకుకూ ఉప్పుకల్లు పలికినది. నాలుగు వారాలకు రాతి చప్పుడు విని పదును తెలుసుకోవడము కొంత పట్టువడినది. ఆ పదిహేను నిమిషాలు మనస్సు వేరొకచోటికి పోలేదు. అదే సాయంకాలము ఒక చిత్రము ముందు నిలిచినప్పుడు, మునుపటివలె పేరు చదివి పక్కకు జరుగక, రేఖ వెంట చూపు సాగినది. చేతికి అలవడిన ఓర్పు కంటికి వచ్చినదని తోచినది. ఉత్తేజమనగా మెరుపు కాదు, ఈ నిలుకడయే.

ఇందుకు ఖర్చు స్వల్పము. మాదాపూరులోనే ప్రభుత్వ చిత్రశాల ఉన్నది. ఖైరతాబాదు సమీపమున ఎం.ఎస్. మక్తా బస్తీ గోడలపై 2016లో బొమ్మలు వేసినారు. 1951లో ప్రజలకు తెరచిన సాలార్‌జంగ్ ప్రదర్శనశాల ఉండనే ఉన్నది. నెలకొకసారి పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళడము ఏ ఉద్యోగికి అసాధ్యము?

వెళ్ళినప్పుడు చూచి రావడముతో సరిపెట్టవద్దు. పటము చూపుతూ ఊరూర కథ చెప్పే గాయకులు తగ్గిపోగా, చేర్యాల చిత్రకారులు మూరలకొలది పటాలను కుదించి గోడకు తగిలించే చిన్నబొమ్మలు వ్రాస్తున్నారు. ఆ విద్య నేడు కొద్ది కుటుంబాల చేతనే ఉన్నది. ఒక బొమ్మ కొన్నప్పుడు బేరము కంటె ముందు, ఇది ఎట్లు చేసినారని అడగండి. మన నగరములో పనివానితో ఆ మాట అనేవారే కరవైనారు.

ప్రదర్శనశాలలోని రోలు అక్కడనే ఉండనిండు. ఇంట ఒక మూల మరొకటి ఉంటే, ఆ చిన్నపిల్ల ప్రశ్నకు తండ్రి నవ్వి ఊరకుండనక్కరలేదు. వచ్చే ఆదివారము ఆమెకు నాలుగు మిరపకాయలు, ఇంత ఉప్పు అందించి, బండ తాను పట్టవచ్చును.