తాతగారికి మాట అందని బల్ల
ఆదివారం రాత్రి హైదరాబాద్‌లో ఏ కొత్త రెస్టారెంట్‌కైనా వెళ్లి, ఇంటిల్లిపాదీ కూర్చున్న బల్లల వైపు చూడండి. మనవలు గొంతు చించుకుని కబుర్లాడుతుంటారు. తాతగారు తలవంచుకుని తింటుంటారు. వంట నచ్చలేదేమో అనుకుంటాం. నాకైతే ఆయనకు మాటే అందడం లేదనిపిస్తుంది. వయసు మీదపడితే ముందుగా తగ్గేది కీచు శబ్దాల వినికిడి. స, శ, త లాంటి హల్లులను పోల్చుకునేది వాటితోనే. గొంతు వినిపిస్తుంది, మాట తెలియదు. చెవి మిషన్ పెట్టుకున్నా, అది హోటల్లో మోగే పాటనూ పళ్లేల చప్పుడునూ పూర్తిగా వడకట్టలేదు. పైగా శబ్దాన్ని తిప్పికొట్టే గాజు గోడలు, టైల్స్ నేల, బోసి కాంక్రీటు కప్పు, వాటికి తోడు స్పీకర్లు! చుట్టూ మోత పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఫ్రెంచ్ వైద్యుడు ఎతియెన్ లోంబార్డ్ 1911లోనే రాశాడు. పక్క బల్లవాళ్లు పెంచితే మనమూ పెంచుతాం. ఇరానీ హోటల్లో గోల లేదా అంటారు. ఉంది, కానీ అక్కడ చాయ్ తాగి లేచిపోతాం. పెద్దవాళ్లను బయటికి తీసుకెళ్లేది వాళ్లతో మాట్లాడుతూ తినడానికి. అందుకే బల్ల బుక్ చేసేటప్పుడు నేను మెనూ కంటే ముందు స్పీకర్ల సంగతి అడుగుతాను. పాట తగ్గించడం కుదరదంటే ఆ చోటు మా ఇంటి పెద్దలకు పనికిరాదు, అక్కడ బిర్యానీ ఎంత బాగున్నా సరే.