అలాస్కా: పన్ను రద్దుతో తెగిన బంధం

ప్రజలకు ప్రభుత్వం నేరుగా నగదు పంచడం మంచిదా కాదా అన్న చర్చ ప్రపంచంలో ఎక్కడ జరిగినా అలాస్కా ప్రస్తావన రాక మానదు. చమురు రాబడితో కూడబెట్టిన శాశ్వత నిధి నుంచి ఆ అమెరికా రాష్ట్రం 1982 మొదలు ఏటా అర్హులైన నివాసులందరికీ, పసిపిల్లలతో సహా, తలా ఇంతని డివిడెండ్ చెల్లిస్తోంది. తొలి ఏడాది ఇచ్చింది వెయ్యి డాలర్లు. నలభై మూడేళ్ల తర్వాత, 2025లో ఇచ్చిందీ అదే వెయ్యి డాలర్లు. ఈలోగా బడులకు నిధులు కరవయ్యాయి, జనం వలస పోతున్నారు. ఊరికే డబ్బు పంచితే ఇలాగే అవుతుందని కొందరు తేల్చేస్తున్నారు. ఆ తీర్పు తప్పు. అలాస్కాను దెబ్బతీసింది డివిడెండ్ కాదు, 1980లో వ్యక్తిగత ఆదాయ పన్నును ఎత్తివేయడం.

1968లో ఉత్తర తీరాన ప్రూడో బే దగ్గర భారీ చమురు నిక్షేపం బయటపడింది. మరుసటి ఏడాది అక్కడి భూముల లీజు వేలంలోనే రాష్ట్రానికి 90 కోట్ల డాలర్లు వచ్చాయి. కొన్నేళ్లలో అదంతా ఖర్చయిపోయింది. ఆ అనుభవంతోనే 1976లో ఓటర్లు రాజ్యాంగాన్ని సవరించి, ఖనిజ రాయల్టీల్లో కనీసం నాలుగో వంతును, అసలు మొత్తాన్ని ముట్టుకోవడానికి వీల్లేని నిధికి జమ చేయాలని శాసించారు. భావితరాల కోసం వర్తమానం తన చేతులు తానే కట్టుకున్న అరుదైన నిర్ణయమది. ఆ నిధి ఇవాళ 8,000 కోట్ల డాలర్లు దాటింది. కానీ 1977లో 800 మైళ్ల పైపులైను గుండా వాల్డీజ్ రేవుకు చమురు చేరడం మొదలయ్యాక ఆ జాగ్రత్త సడలింది. ఇంత రాబడి ఉండగా పన్ను ఎందుకన్నారు శాసనసభ్యులు. గవర్నర్ జే హామండ్ వద్దని వారించి, చివరకు పన్ను రద్దు బిల్లుపై అయిష్టంగానే సంతకం చేశారు.

పన్ను అంటే ఖజానాకు రాబడి ఒక్కటే కాదు. ప్రజల సంపాదన పెరిగితే ప్రభుత్వ ఆదాయమూ పెరిగేలా చూసే బంధం అది. అలాస్కాలో ఆ బంధం తెగింది. అక్కడ కొత్త పరిశ్రమ వచ్చి వెయ్యిమంది కార్మికులు దిగితే రోడ్లకు, బడులకు, పోలీసులకు ఖర్చు పెరుగుతుంది. వాళ్ల జీతాల నుంచి మాత్రం రాష్ట్ర ఖజానాకు ఒక్క డాలరూ రాదు, రాష్ట్రవ్యాప్త అమ్మకం పన్ను కూడా లేదు. అక్కడ జీతానికి పనిచేసేవారిలో ఐదో వంతుకు మించి బయటి రాష్ట్రాలవారే. చమురు క్షేత్రంలో వారాల తరబడి పనిచేసి, విమానమెక్కి సొంత ఊరికి వెళ్లిపోయే ఉద్యోగి తాను సంపాదించిన నేలకు ఏమీ చెల్లించడు. 1988లో రోజుకు దాదాపు 20 లక్షల పీపాలున్న ఉత్పత్తి నేడు 5 లక్షల లోపుకు పడిపోయింది. ఆ లోటు పూడ్చే దారిని రాష్ట్రం ఎప్పుడో మూసేసుకుంది.

2014లో చమురు ధర కుప్పకూలాక ఆ భారం డివిడెండ్ మీద పడింది. 2016లో గవర్నర్ బిల్ వాకర్ దాన్ని సగానికి కోసేశారు. 2018 చట్టంతో నిధి విలువలో సుమారు 5 శాతాన్ని, దాని రాబడుల నుంచి, ఏటా బడ్జెట్‌కు తీయడం మొదలైంది. అప్పటి నుంచి డివిడెండ్, బడి ఒకే కుండలోంచి వాటా కోసం పోటీపడుతున్నాయి. కస్కోక్విమ్ నది ఒడ్డున స్లీట్‌మ్యూట్ అనే చిన్న ఆదివాసీ గ్రామం ఉంది. అక్కడి బడి పైకప్పు కారుతోందని, బాగుచేయడానికి నిధులివ్వమని పాఠశాలల జిల్లా అధికారులు దాదాపు రెండు దశాబ్దాలు రాష్ట్రాన్ని అడుగుతూ వచ్చారు. ఆలోగా చెమ్మకు గోడలు వంగాయి, భవనంలో బూజు పట్టింది. 8,000 కోట్ల డాలర్ల నిధి ఉన్న రాష్ట్రంలో పిల్లలు అలాంటి కప్పు కింద చదువుకోవలసి రావడం క్షమించరానిది. డివిడెండ్ కోత కూడా పన్నే, అదీ అన్నిటికంటే అన్యాయమైన పన్ను. తలకు వెయ్యి డాలర్లు తగ్గిస్తే ఐదుగురున్న కుటుంబం ఐదువేలు పోగొట్టుకుంటుంది. చేపలు పట్టుకుని బతికే కుటుంబమైనా, లక్షలు ఆర్జించే కుటుంబమైనా నష్టం ఒక్కటే. బయటి నుంచి వచ్చి సంపాదించుకుని పోయేవాడి మీద చిల్లిగవ్వ భారం పడదు.

నగదు ఇస్తే జనం పని మానేస్తారన్న అభ్యంతరానికి ఆధారం లేదు. ఆర్థికవేత్తలు డేమన్ జోన్స్, ఇయోనా మరినెస్కు జరిపిన అధ్యయనంలో డివిడెండ్ వల్ల మొత్తం ఉపాధి తగ్గలేదని తేలింది. పార్ట్‌టైమ్ పనులు కొద్దిగా పెరిగాయంతే. పన్ను వేస్తే జనం వెళ్లిపోతారనేది రెండో వాదన. ఆదాయ పన్ను లేకుండానే 2013 నుంచి ఏటా వచ్చేవారికన్నా వెళ్లేవారే ఎక్కువగా ఉన్నారు. మంచి బడి లేని ఊళ్లో పిల్లలున్న కుటుంబాలు నిలవవు. కాస్త బరువున్న వాదన ఒకటుంది: విల్లో వంటి కొత్త చమురు క్షేత్రాలు మళ్లీ ఆదుకుంటాయని. అయితే ప్రూడో బే రాష్ట్ర భూమి, విల్లో ఫెడరల్ ప్రభుత్వ భూమి. అక్కడి రాయల్టీ మొత్తం రాష్ట్రానికి దక్కదు. దక్కినా మరికొన్నేళ్లు వాయిదా వేయడానికే పనికొస్తుంది. అలాస్కా శాసనసభ చేయవలసింది స్పష్టం: బయటివారి జీతాలకూ వర్తించేలా ఆదాయ పన్నును తిరిగి తేవాలి, డివిడెండ్‌ను పేదల హక్కుగా నిలబెట్టాలి.