తిప్పి చూపించే కొట్టుకే బేరం

సంతలో ఎద్దును కొనే రైతు ముందు పళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. ఆ తర్వాతే ధర అడుగుతాడు. చీర మడత విప్పి చూపకుండా బట్టల కొట్టులో ఎవరూ డబ్బు తీయరు. ఇది అనుమానం కాదు, కొనేవాడి హక్కు.

నేడు బేరం సెల్‌ఫోనులోకి వచ్చింది. కాని చిన్న వ్యాపారి వెబ్‌సైటు పెట్టినా అందులో ఒక ఫోటో, ధర, ఫోను నంబరు తప్ప మరేమీ వుండటం లేదు. పత్తి, మిరప పండించే జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో మందు కొట్టే బ్యాటరీ పంపు కావాలంటే ఫోటో చూస్తే సరిపోదు. 16 లీటర్ల డబ్బా నిండితే నీటి బరువే 16 కిలోలు. అది వీపున ఎలా కూర్చుంటుందో, నాజిల్ ఎలా మార్చాలో, ఛార్జి ఎంతసేపు వస్తుందో ఫోటో చెప్పదు. తీరా కొన్నాక సరిపడకపోతే బస్సు చార్జీ, ఒక రోజు కూలి, పురుగు పాలయ్యే పంట మూడూ నష్టమే.

దీనికి ఉపాయం లేకపోలేదు. వేలితో జరిపితే వస్తువు చుట్టూ తిరిగేలా, నొక్కిన చోట మూత తెరుచుకునేలా, ఆ భాగం పనేమిటో తెలుగులో వినిపించేలా వెబ్‌సైటులో అమర్చవచ్చు. వస్తువును తిరుగుడు బల్లపై వుంచి, 10 డిగ్రీలకు ఒకటి చొప్పున 36 ఫోటోలు తీసి వరుసగా కూర్చితే పూర్తి చుట్టు వస్తుంది. ఇందుకు సెల్‌ఫోను కెమెరా చాలు. బోరు లోతు, ఎకరాలు వేస్తే ఎంత మోటారు కావాలో లెక్క చెప్పే ఏర్పాటు కూడా చేయవచ్చు.

నందిగామ నుంచి విజయవాడ వెళ్ళే దారిలో, ఇబ్రహీంపట్నం పక్కనున్న కొండపల్లి బొమ్మల విషయమే తీసుకోండి. తెల్ల పొణికి కర్రను చెక్కి, విడివిడిగా చేసిన అవయవాలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులు వేస్తారు. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బొమ్మ గొప్పతనమంతా ఆ చేతిపనిలోనే వుంది. అంబారీ ఏనుగును ఒక్క వైపు నుంచి ఫోటో తీసి పెడితే, దూరాన వున్న కొనుగోలుదారుకు దానికీ ప్లాస్టిక్ బొమ్మకూ తేడా ఎలా తెలుస్తుంది? తిప్పి చూపితే, చెక్కే విధానం కూడా చూపితే, అడిగిన ధరకు అర్థం వుంటుంది.

అయితే రెండు జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, ఫోటోల బరువు తగ్గించాలి. సిగ్నలు సరిగా అందని పల్లెలో పేజీ తెరుచుకోకపోతే చేసిన శ్రమంతా వృథా. రెండవది నిజాయితీ. ఒక సరుకు చూపి మరొకటి పంపితే తెరమీది ప్రదర్శన మోసానికి ముసుగే అవుతుంది. చెప్పిన విధంగా లేని సరుకును వెనక్కి తీసుకోవాలని 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. నష్టపోయినవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

పెద్ద కంపెనీలు ఇలాంటి ప్రదర్శనలకు డబ్బు వెచ్చించగలవు. చిన్న కొట్టువాడికి ఆ స్తోమత లేదు. స్థానిక కళాశాలల్లో కంప్యూటరు చదివే పిల్లలచేత ఈ పని చేయించి, తగిన ప్రతిఫలం ఇస్తే ఇద్దరికీ మేలు. 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లా పరిశ్రమల శాఖ అధికారులు, వర్తక సంఘాలు చొరవ తీసుకుని రెండు పట్టణాల్లోనూ శిక్షణ ఏర్పాటు చేయవలసిన అవసరం ఎంతైనా వుంది.

సరుకు మంచిదైనప్పుడు తిప్పి చూపడానికి వ్యాపారికి జంకెందుకు? చూపించమని అడగడానికి కొనేవారికి మొహమాటమెందుకు?