డయాలిసిస్ గొట్టం, రక్తపు గడ్డలు, హెపారిన్: ఇంటివారు తెలుసుకోవలసినవి

“ఐసీయూలో ఉన్న మా అబ్బాకు డయాలిసిస్ గొట్టం వేశారు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ పంది పేగుల నుండి తయారవుతుందట. దానిని వాడనివ్వవచ్చా?” ఈ ప్రశ్న మా వద్దకు తరచుగా వస్తూ ఉంటుంది. అడిగేవారు అప్పటికే ఆసుపత్రి వరండాలో ఉంటారు. సంతకం చేయవలసిన కాగితం చేతిలో ఉంటుంది. ఆ ఘడియలో నిలకడగా ఆలోచించడం ఎవరికైనా కష్టమే. కనుక ఈ విషయాన్ని తీరిక వేళ ఇంటిల్లిపాదీ తెలుసుకొని ఉండడం మేలని భావిస్తున్నాము.

తీవ్రమైన ఇన్ఫెక్షను, రక్తపింజరి కాటు, భారీ రక్తస్రావం వంటి కారణాల వలన మూత్రపిండాలు హఠాత్తుగా పనిచేయడం మానివేయవచ్చు. దీర్ఘకాలిక రోగులకు డయాలిసిస్ కొరకు చేతిలో ఫిస్టులా అమర్చుతారు. అది వాడుకకు సిద్ధం కావడానికి వారాలు పడుతుంది. ఐసీయూ రోగికి అంత వ్యవధి ఉండదు. అందుచేత మెడలో గాని, గజ్జలో గాని ఉన్న పెద్ద సిరలోకి దాదాపు 4 మిల్లీమీటర్ల మందం గల గొట్టాన్ని ప్రవేశపెడతారు. దానిలో రెండు దారులుంటాయి. ఒక దారిన రక్తం యంత్రానికి వెళ్తుంది, రెండవ దారిన శుద్ధి అయి తిరిగి వస్తుంది.

ప్రాణం నిలిపే ఈ గొట్టం వద్దనే రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉన్నది. దీనికి వైద్యులు మూడు కారణాలు చెబుతారు: రక్తప్రవాహం మందగించడం, సిర గోడకు గాయం కావడం, రక్తంలో గడ్డకట్టే గుణం పెరగడం. ఐసీయూ రోగిలో ఈ మూడూ ఒక్కచోట చేరుతాయి. రోగి కదలక పడుకొని ఉంటాడు, గొట్టం సిర గోడను ఒరుసుకుంటుంది, ఇన్ఫెక్షను రక్తపు గుణాన్ని మార్చుతుంది. గడ్డ గొట్టం లోపల ఏర్పడితే డయాలిసిస్ మధ్యలోనే ఆగిపోవచ్చు. సిరలో ఏర్పడితే ఆ వైపు చేయి గాని, కాలు గాని వాచవచ్చు. చాలాసార్లు పైకి ఏ గుర్తూ కనిపించదు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయమే.

కనుక వైద్యుని మూడు ప్రశ్నలు అడగండి.

మొదటిది: గొట్టం ఏ సిరలో వేస్తున్నారు? 2012లో వెలువడిన కేడిగో అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం మెడ కుడివైపు సిరకు మొదటి స్థానం, గజ్జకు రెండవది, మెడ ఎడమవైపు సిరకు మూడవది. కాలర్ ఎముక కింది సిర చివరిది. అది ఇరుకైపోతే రేపు ఆ చేతిలో ఫిస్టులా పనికి రాకపోవచ్చు.

రెండవది: గడ్డకట్టకుండా ఏ మందు ఇస్తున్నారు? హెపారిన్ ఎక్కువగా పంది పేగుల నుండే తయారవుతుందన్న మాట నిజమే. సిట్రేట్ అనే ప్రత్యామ్నాయమూ ఉన్నది. అది ఈ రోగికి సరిపడుతుందా అని అడగడం మీ హక్కు. రక్తస్రావం భయమున్న రోగికి ఏ మందూ లేకుండానే డయాలిసిస్ చేయడమూ కలదు. కాని “ఇక్కడ హెపారిన్ తప్ప వేరే మార్గం లేదు” అని వైద్యుడు చెబితే తటపటాయించవద్దు. ప్రత్యామ్నాయం లేనిచోట ప్రాణరక్షణ కొరకు నిషిద్ధ వస్తువుకూ అనుమతి లభిస్తుందన్నది షరీఅత్‌లో స్థిరపడిన సూత్రం. ఫత్వా వచ్చేవరకు చికిత్స ఆపమని రోగి తరఫున చెప్పడం తగదు.

మూడవది: గొట్టం ఎప్పుడు తీస్తారు? అది శరీరంలో ఉన్న ప్రతి అదనపు దినమూ గడ్డలకు, ఇన్ఫెక్షనుకు అవకాశమే. మూత్రం మళ్లీ బాగా వస్తున్నదని తెలిస్తే ఈ ప్రశ్న మర్యాదగా, ప్రతిరోజూ అడగండి. వారాల తరబడి డయాలిసిస్ అవసరమయ్యేటట్లుంటే చర్మం కిందుగా అమర్చే వేరే గొట్టం గురించి విచారించండి.

పరామర్శకు వెళ్లినవారు కూడా గమనించవలసినవి ఉన్నాయి. ఒక కాలు గాని, చేయి గాని, ముఖం గాని వాచినా, ఆయాసం హఠాత్తుగా పెరిగినా వెంటనే నర్సుకు చెప్పండి. వాచిన కాలికి నూనె రాసి మర్దన చేయకండి, గడ్డ కదిలే ప్రమాదం ఉన్నది. గొట్టం గజ్జలో ఉంటే రోగిని మీ అంతట మీరు లేపి కూర్చోబెట్టకండి. మెలకువలో ఉన్న రోగి నమాజు చేయగోరితే, వుజూ నీరు గొట్టం కట్టును తడిపే అవకాశమున్నచోట తయమ్ముమ్ చేయించండి.

ప్రమాదమున్నదని విని గొట్టమే వద్దనడం సరికాదు. పాడైన రక్తం శుద్ధి కాకపోవడమే అంతకన్నా పెద్ద ప్రమాదం. అవసరమైనప్పుడు వేయనివ్వాలి, అవసరం తీరగానే తీయించాలి. ఈ రెంటి నడుమ వైద్యునితో పాటు ఇంటివారూ మెలకువగా ఉండాలి. రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.