తుపాకీ హక్కా? లైసెన్సా?

మన కళాశాల హాస్టల్లో ఏ గది తలుపు తట్టినా అమెరికా మాటే. జి.ఆర్.ఇ. స్కోరు, బ్యాంకు లోను, డాలస్‌లో ఉన్న బావగారు, ఆయన కొన్న కారు. ఇంతగా చెప్పుకునే ఆ దేశం గురించి ఒక్క విషయం మాత్రం మనవాళ్ళెవరూ ఎత్తరు. అది తుపాకీ. పేపర్లో వార్త వచ్చిన రోజున అయ్యో అంటాం, మర్నాటికి వీసా ఇంటర్వ్యూ సంగతిలో పడిపోతాం. బి.యస్సీ. చదివేవాడికి ఈ రాజ్యాంగాల గొడవ దేనికోయ్ అని మా లెక్చరరు గారొకరు నవ్వారు. దేనికంటే, మా పెదనాన్నగారు ఎకరంన్నర అమ్మి తమ అబ్బాయిని టెక్సాస్ పంపారు. పైగా మాది నందివాడ. నందివాడకూ తుపాకీకీ సంబంధమేమిటని పాఠక మిత్రులు అనుకోవచ్చు. ఉంది, ఆ సంగతికి తర్వాత వస్తాను.

మనవాళ్ళకు తగిలిన దెబ్బలు కొన్ని గుర్తు చేస్తాను. 2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేత పట్టణంలో, పని ముగించుకొని బారులో కూర్చున్న మన తెలుగు ఇంజనీర్లిద్దరిని ఒకడు పరాయి దేశస్థులనే ద్వేషంతో కాల్చాడు. ఒకరు మరణించారు, ఒకరు గాయాలతో బయటపడ్డారు. అడ్డుపడబోయిన అమెరికన్ యువకుడికీ తూటా తగిలింది. 2018 జూలైలో కాన్సాస్ సిటీలో హోటల్లో పనిచేసుకుంటున్న మన విద్యార్థి ఒకడు దొంగ తూటాకు పోయాడు. 2023 మే 6న డాలస్ దగ్గర ఆలెన్ అనే ఊళ్ళో బజారుకు వెళ్ళినవారిలో ఎనిమిదిమంది తిరిగి రాలేదు. వారిలో మన తెలుగమ్మాయి ఒకరు.

ఇవన్నీ ఇతరులు చేసిన హత్యలు. 2024 నవంబరులో అట్లాంటాలో జరిగినది వేరు. మన తెలుగు విద్యార్థి ఒకడు తను కొనుక్కున్న వేట తుపాకీనే శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయాడు. చదువుకోవడానికి వెళ్ళిన కుర్రాడి చేతిలోకి తుపాకీ ఎట్లా వచ్చిందని ఇక్కడ అందరూ ఆశ్చర్యపోయారు. దాని వెనక చట్టం ఉంది. విద్యార్థి వీసా లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ కొనరాదని అమెరికా ఫెడరల్ చట్టమే చెబుతుంది. కాని వేట లైసెన్సు చేతిలో ఉంటే కొనవచ్చునని అందులోనే ఒక మినహాయింపు పెట్టారు. ముందు వాకిలికి తాళం వేసి దొడ్డి తలుపు తెరిచి పెట్టినట్టుంది ఈ చట్టం.

అసలు వాళ్ళ తగవంతా ఒక్క వాక్యం మీద నడుస్తోంది. 1791లో వాళ్ళ రాజ్యాంగానికి చేసిన రెండవ సవరణ అది. వాక్యం మొదటి సగంలో క్రమశిక్షణ గల ప్రజాసైన్యం ప్రసక్తి ఉంది, రెండవ సగంలో ఆయుధం ఉంచుకునే ప్రజల హక్కు ఉంది. మొదటి సగమే ప్రాణమని ఒక పక్షం, రెండవ సగమే ప్రాణమని మరో పక్షం. 2008లో వాళ్ళ సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి, ఆత్మరక్షణకు ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని తేల్చింది. 2022లో ఇంకో అడుగు వేసి, వీధిలో వెంట తీసుకుపోవడం కూడా హక్కేనంది. ఆ తీర్పు జూన్ 23న వచ్చింది. దానికి సరిగ్గా ముప్ఫై రోజుల ముందు, మే 24న, టెక్సాస్‌లోని యువాల్డే బడిలో 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను ఒక కుర్రవాడు కాల్చి చంపాడు. తీర్పు వచ్చిన రెండు రోజులకు అధ్యక్షుడు తుపాకుల మీద ఒక కొత్త చట్టానికి సంతకం పెట్టాడు. దాదాపు ముప్ఫై ఏళ్ళలో అంత పెద్ద ఫెడరల్ చట్టం మళ్ళీ అదేనట. కాస్త పగ్గం బిగించడం, అంతలోనే వదలడం - ఒకే వారంలో రెండూ జరిగాయి.

తుపాకీ కావాలనే వాళ్ళందరూ మూర్ఖులని నేననను. మా అన్నయ్య ఫోనులో చెప్పినదాన్ని బట్టి వాళ్ళ పక్క పొలం ఆసామి చాలా మంచివాడు, అడవిపందుల బెడదకు తుపాకీ పెట్టుకున్నాడు. పోలీసు రావడానికి అరగంట పట్టే పల్లెలో నన్ను నేనే కాపాడుకోవాలి అంటాడట. రైతుబిడ్డగా నాకు ఆ మాట అర్థమవుతుంది. నడిరాత్రి చేపల చెరువు గట్టు మీద ఒంటరిగా కాపలా కాసినవాడికి ఎవరికైనా అర్థమవుతుంది. అయితే అవసరం వేరు, హక్కు వేరు. ట్రాక్టరు కూడా రైతుకు అవసరమే, అయినా దానికి రిజిస్ట్రేషనూ లైసెన్సూ అడుగుతున్నాం కదా! టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి ఇరవై ఒకటి నిండినవాళ్ళు చాలావరకు పిస్తోలు నడుముకు పెట్టుకొని తిరగడానికి ఏ పర్మిటూ అక్కర్లేదు. కారు నడపడానికి మాత్రం పరీక్ష పెడతారు.

ఇదే చర్చ మన దేశంలోనూ జరిగిందని మనలో చాలామందికి తెలియదు. మా పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేదు. 1878లో లిట్టన్ దొర తెచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడు లైసెన్సు లేకుండా ఆయుధం పట్టరాదంది, యూరోపియన్లను మాత్రం మినహాయించింది. ఆ అవమానం మన పెద్దల మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకే 1931 కరాచీ కాంగ్రెసు తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును కూడా పౌరుడి హక్కుల్లో చేర్చారు. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్.వి. కామత్ గారు ఆ హక్కును రాజ్యాంగంలో చేర్చమని సవరణ తెచ్చారు. అంబేద్కర్ గారు ఒప్పుకోలేదు. కరాచీ నాటి పరిస్థితి వేరు, స్వతంత్రం వచ్చాక పరిస్థితి వేరు అన్నది ఆయన వాదన. సవరణ వీగిపోయింది. చివరికి పందొమ్మిదవ అధికరణంలో ప్రజలు ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశం కావచ్చునని రాసుకున్నాం. వాళ్ళ రాజ్యాంగం ఆయుధాన్ని హక్కులో కలిపింది, మనది హక్కులోంచి ఆయుధాన్ని తీసేసింది. తుపాకీ పాలనను మనమూ చూశాం, కాని మనం నేర్చుకున్నది వేరు.

అలాగని మన లైసెన్సు పద్ధతి బంగారమని చెప్పబోవడం లేదు. 1959 ఆయుధాల చట్టంలో పంట కాపలా కోసం రైతుకు తూటా ముందునుంచి కూరే పాతకాలపు తుపాకీకి లైసెన్సు ఇవ్వడానికి దారి ఉంది. కాని మన పల్లెల్లో ఆ లైసెన్సు ఎవరి ఇంట్లో కనిపిస్తుంది? పందులు పడే చేను గలవాడింట్లో కాదు, మేడ గలవాడింట్లో. చావిట్లో గోడకు వేలాడే తుపాకీ పిట్టలను బెదిరించడానికి కాదు, మనుషులను బెదిరించడానికి. మా తాతయ్య చిన్నప్పుడు కొల్లేటికి దొరబాబులు తుపాకులతో పిట్టల వేటకు వచ్చేవారట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, ఆ సరదా పోయింది. ఇప్పుడు చెరువుల మీద వాలే నీటికాకులను టపాసులతో తోలుకుంటున్నాం. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు పోలీసుస్టేషనులో అప్పగించమంటారు. పెళ్ళిళ్ళలో ఇతరులకు ప్రమాదం కలిగేలా గాలిలో కాల్చడం 2019 సవరణతో నేరమైంది. ఇవన్నీ మంచివే. కాని లైసెన్సు హోదా కాకుండా అవసరాన్ని చూసి ఇచ్చిన రోజున గాని దీన్ని మంచి చట్టం అనలేను.

ఇక నందివాడ సంగతి. చంపేది మనిషే గాని తుపాకీ కాదని అమెరికా తుపాకీ పక్షం వారి ముఖ్యమైన వాదన. చాలామంది మన మిత్రులు కూడా ఈ మాటకు తలూపుతారు. 2023లో ఆ దేశంలో తుపాకీ వల్ల పోయినవారు 46,728 మంది. టీవీలో చూసేవాడు ఇవన్నీ హత్యలనుకుంటాడు. కాదండీ, సగానికి పైగా, దాదాపు 27,300 మంది, తమ ప్రాణం తామే తీసుకున్నవారు. ఈ అంకె చూసినప్పుడు నాకు అమెరికా గుర్తుకు రాలేదు, మా ఊరే గుర్తుకొచ్చింది. మన డెల్టా పల్లెలో తుపాకీ లేదు గాని వసారా గూట్లో పురుగుమందు డబ్బా ఉంటుంది. అప్పు, అవమానం, ఆలుమగల తగువు - ఏదో ఒక సాయంత్రం పట్టరాని బాధ వస్తుంది. ఆ బాధ తెల్లారేసరికి తగ్గేదే, కాని చెయ్యి చాపితే అందేది అక్కడ ఉంది. 2022లో దేశంలో ఆత్మహత్యలు 1,70,000కు పైగా నమోదైతే అందులో నాలుగో వంతు విషం వల్లే. ఆ గడియ దాటి బతికినవాళ్ళలో చాలా ఎక్కువమంది మళ్ళీ ఆ దారి పట్టరని వైద్యులు చెబుతారు.

శ్రీలంకవాళ్ళు మనుషుల మనసులు మారే దాకా ఆగలేదు. 1980లలో మొదలుపెట్టి మరీ ప్రమాదకరమైన పురుగుమందులను ఒకటొకటిగా నిషేధించారు. 1995 తర్వాత ఇరవై ఏళ్ళలో అక్కడ ఆత్మహత్యల రేటు మూడింట రెండు వంతులకు పైగా పడిపోయింది, పంట దిగుబడులు మాత్రం పడిపోలేదు. రసాయనశాస్త్రం చదివేవాడిగా నాకు ఇంతకంటె మంచి ప్రయోగం కనపడదు. మనిషి అదే మనిషి, కష్టాలు అవే కష్టాలు. మార్చినది చేతికి అందే వస్తువును ఒక్కదాన్నే. ఆస్ట్రేలియా 1996లో పోర్ట్ ఆర్థర్ వద్ద 35 మంది చనిపోయాక దాదాపు ఆరున్నర లక్షల తుపాకులను జనం దగ్గర నుంచి కొనేసింది, అక్కడా తుపాకీ చావులు తగ్గాయి. చంపేది మనిషే అన్న మాటను నేను కాదనను. చేతిలో ఏముందన్నది కూడా అడగమంటాను. మా ఇంట్లో పురుగుమందు డబ్బాలు గొడ్ల చావిట్లో ఇనప్పెట్టెలో తాళంలో ఉంటాయి. ఆ తాళం మా అమ్మ పట్టుబట్టి వేయించింది. ఆమె మా నాన్నగారిని అనుమానించి వేయించలేదు. పక్కింట్లో ఏం జరిగిందో చూసి వేయించింది.

మన యూనియన్ ఏటా విదేశీ చదువుల సదస్సు పెడుతుంది. ఫీజులూ యూనివర్సిటీ ర్యాంకులూ గంటలకొద్దీ చెబుతారు. వేట లైసెన్సు మినహాయింపు ఏమిటో, అద్దె గదిలో చేరేముందు ఆ కప్పు కింద తుపాకీ ఉందా, ఉంటే తాళం వేసి ఉంచుతారా అని అడగవచ్చో లేదో, పరాయి దేశంలో ఒంటరితనం మీద పడిన రాత్రి ఎవరికి ఫోను చెయ్యాలో - ఈ మూడూ చెప్పడానికి ఒక పావుగంట ఇమ్మని కార్యవర్గానికి అర్జీ పెట్టాను. ఈసారి కార్యక్రమం నిండిపోయిందన్నారు. వచ్చే ఏడు నేను ఫైనలియరు, అప్పుడు మళ్ళీ పెడతాను.