ముఖం ముదిరిన కారు

సూర్యాపేటలో జాతీయ రహదారి పక్కన ఏ టీ కొట్టు ముందైనా ఒక గంట కూర్చుంటే చాలు, మోటారు కార్ల చరిత్ర పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయేవీ, అటునుంచి ఇటు వచ్చేవీ అన్నీ మన కళ్ల ముందు నుంచే పోతాయి. కాస్త శ్రద్ధగా చూస్తే ఆ వరసలో ఒక విచిత్రం కనబడుతుంది. పదిహేనేళ్ల నాటి బొలేరో పోతుంటే ఎవరూ తల తిప్పరు. అది నిన్నటిదో మొన్నటిదో పోల్చుకోవడం కూడా కష్టమే. దాని వెనకాలే ఏడెనిమిదేళ్ల నాటి మరో కారు తళతళలాడుతూ వస్తుంది. టీ గ్లాసులు కడిగే కుర్రవాడు కూడా "పాత మోడలు" అని తేల్చేస్తాడు. వయసులో చిన్నది ముసలిదైపోయింది, పెద్దది వయసే చెప్పనంటున్నది. ఎందువల్ల?

ఇదంతా పొద్దుపోని ముచ్చట అని కొందరు మిత్రులు అనుకోవచ్చు. కోదాడలో నాకు తెలిసిన ఒక టాక్సీ యజమాని వున్నాడు. ఆయన అలా అనుకోడు. పెళ్లి బేరానికి వచ్చినవాళ్లు ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "కొత్త మోడలు లేదా?" అని అడిగి వెళ్లిపోయారట. ఇంజను గడియారంలా నడుస్తున్నది, సీట్లు చిరగలేదు, ఏసీ చల్లగా వస్తున్నది. అయినా బేరం పోయింది. "ఇంజను ముసల్దైతే మేస్త్రీ వున్నడు. మొఖం ముసల్దైతే ఎవరి దగ్గరికి పోవాలె?" అన్నాడాయన. కొత్తది కొందామంటే ఐదేళ్ల వాయిదాలు. అవి తీరేలోగా దాని ముఖమూ ముదిరిపోతే? ఆయన ప్రశ్నకు నాకు తోచిన జవాబే ఈ వ్యాసం.

మొట్టమొదట ఒప్పుకోవలసిన సంగతి ఒకటి వుంది. పాతదనం కారులోనే వుండదు, దాని పక్కన నిలబడ్డ కారులో కూడా వుంటుంది. ఇందుకు అంబాసిడరే సాక్ష్యం. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణిని ఆధారం చేసుకుని హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరలో దాన్ని మొదలుపెట్టారు. మార్కు రెండు, మార్కు మూడు, మార్కు నాలుగు అని పేర్లు మారాయి, ముందరి జాలీ మారింది, ఒళ్లు మాత్రం మారలేదు. పాతికేళ్లపాటు అది ముసలిదని ఎవరికీ అనిపించలేదు. పోల్చి చూడడానికి మరొకటి వుంటే గదా! లైసెన్సుల కాలంలో రోడ్డు మీద వున్నవే రెండు మూడు రకాలు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. ఆ తెల్లవారి నుంచే అంబాసిడరు తాతగారి బండి అయిపోయింది. దాని రేకు ఒక్క అంగుళం కూడా మారలేదు, చూసే కన్ను మారింది.

ఈ కిటుకును అమెరికా వ్యాపారులు మనకంటే చాలా ముందే కనిపెట్టారు. జనరల్ మోటార్స్ కంపెనీ 1927లో ఆకారాల కోసమే ఒక ప్రత్యేక విభాగం పెట్టి, హార్లీ ఎర్ల్ అనే ఆయనను దానికి అధిపతిని చేసింది. ఏటేటా కారు రూపం కొంచెం మార్చాలి, నిరుటి కారు కొన్నవాడికి తన కారు మీద తనకే చిన్నచూపు కలగాలి. ఆ కంపెనీ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్ నడిపించిన పద్ధతి సారాంశం ఇదే. ఇప్పుడు మన దగ్గర మూడు నాలుగేళ్లకోసారి బంపరూ దీపాలూ మార్చి "కొత్త రూపం" అని ప్రకటనలు వేయడం దానికి మనవడి వరస. అంటే కారు తనంతట తాను ముసలిది కావడం కొంతే. మిగిలినది పనిగట్టుకుని చేయించినది.

అయితే కంపెనీలు ఎంత పనిగట్టుకున్నా కొన్ని కార్లు లొంగవు, కొన్ని మాత్రం తొందరగా లొంగిపోతాయి. ఆ తేడా ఎక్కడుందో చెప్పడానికి తోకరెక్కల కథ పనికివస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఎగిరిన పి-38 విమానం తోకను చూసి 1948లో కాడిలాక్ కారు వెనక చిన్న రెక్కలు మొలిపించారు. అందరూ ముచ్చటపడ్డారు. ప్రతి కంపెనీ కాపీ కొట్టింది. రెక్కలు ఏటేటా పెరిగి 1959 కాడిలాక్‌లో శిఖరానికి చేరాయి. మరో ఆరేళ్లకు మాయమయ్యాయి. మన దేశంలో స్టాండర్డ్ హెరాల్డ్ వెనకా, ఫియట్ వెనకా వుండిన చిన్న మొనలు ఆ గాలి సోకి వచ్చినవే. ఫియట్ తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది, 1990లలో కూడా ఆ మొనలను మోస్తూనే తిరిగింది. కారు ఎగరదు గదా, రెక్క దానికెందుకు? పని లేని అలంకారం మీద దాని కాలం ముద్ర పడిపోతుంది. ఆ కాలం దాటగానే ముద్ర ఒక్కటే మిగులుతుంది. అరువు సొమ్ము బరువు చేటు అని మనవాళ్లు వూరికే అనలేదు.

తోకరెక్కలు పోయాయి గాని, వాటి పనిని ఇప్పుడు ముందరి దీపాలు చేస్తున్నాయి. అంబాసిడరుకు వున్నది గుండ్రటి గాజు దీపం, ఏడంగుళాలది. బుల్లెట్టు మోటారు సైకిలుకూ జీపుకూ కూడా ఇంచుమించు అలాంటిదే. పగిలితే ఏ వూళ్లోనైనా మరొకటి దొరికేది. అమెరికాలో అయితే 1940 నుంచి 1983 దాకా ఫలానా కొలత దీపమే వుండాలని చట్టమే వుండేది. అచ్చులో పోసిన ప్లాస్టిక్కు అద్దాలు వచ్చాక దీపాన్ని ఏ ఆకారంలోనైనా చేయవచ్చునని తేలింది. ఇక అది వెలుతురిచ్చే వస్తువుగా మాత్రమే మిగల్లేదు, కారు కనుబొమ్మ అయింది, కంపెనీ సంతకం అయింది. కాబట్టి ప్రతి మార్పుకూ మొదట మారేది అదే. మీద మరో దెబ్బ ఏమిటంటే, ఆ ప్లాస్టిక్కు మన ఎండలకు పైపూత పోయి పసుపు తిరుగుతుంది. కోదాడ, హుజూర్‌నగర్ల మీదుగా మిర్యాలగూడ పోయే దారిలో సిమెంటు లారీల దుమ్ము తిన్న కార్లను చూడండి. ఒళ్లంతా బాగానే వుంటుంది, కళ్లకు మాత్రం శుక్లాలు పట్టినట్టుంటుంది. గాజుకు ఈ జబ్బు లేదు.

ఇంకొక కారణం వుంది, అది ఢిల్లీ నుంచి వచ్చింది. 2006 బడ్జెటులో నాలుగు మీటర్ల లోపు పొడవూ, చిన్న ఇంజనూ వున్న కార్లకు ఎక్సయిజు సుంకం తగ్గించారు. మనవాళ్లకు డిక్కీ వున్న కారంటేనే గౌరవం. పన్నేమో నాలుగు మీటర్ల దగ్గర గీత గీసింది. ఇక ఏం చేస్తారు? చిన్న కారుకే వెనక పొట్టి డిక్కీ అతికించారు. 2008లో ఇండిగో సీఎస్ ఆ దారి తొక్కింది. నాలుగు మీటర్లు దాటి వుండిన డిజైరును కూడా 2012లో ఆ గీత లోపలికి కత్తిరించారు. సామాను పట్టింది, పన్ను తగ్గింది, టాక్సీల వాళ్లు బతికారు, అంతవరకూ మేలే. కాని చూపుకు అది కొలత తప్పిన చొక్కా. కంటికి నచ్చక తెగిన గీత కాదది, లెక్కల పుస్తకం తెంచిన గీత. అలాంటి గీతలున్న కారు మీద కొత్తదనపు పూత పోగానే వెలితి బయటపడుతుంది.

మరి ముదరని కార్లో? జర్మనీ బీటిల్ 1938లో పుట్టి 2003 దాకా తయారయింది, రెండు కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మన దగ్గరికి 1998లో శాంత్రో వచ్చినప్పుడు దాని ఎత్తు చూసి చాలామంది నవ్వారు. మరుసటి ఏడాది చివర వాగనార్ వస్తే ఇది కారా, డబ్బానా అన్నారు. కాని ఆ ఎత్తు అలంకారం కోసం పెట్టినది కాదు. మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ వంగకుండా ఎక్కుతుంది, దిగుతుంది. తలపాగా పెద్దమనిషి తలపాగా తీయనక్కరలేదు. అందుకే 2019లో మూడో వాగనార్ వచ్చినా డబ్బా ఆకారాన్ని వదులుకోలేదు. బొలేరో సంగతీ అంతే. వాన పడ్డ పొలంబాటా, ఎరువుల బస్తాలూ, ఎనిమిది మంది జనమూ కలిసి గీసిన బొమ్మ అది. మనిషి కూర్చునే తీరూ, మోసే బరువూ, నడిచే దారీ మారనంత కాలం వాటిని బట్టి పుట్టిన ఆకారం కూడా మారనక్కరలేదు.

ఇక్కడ ఒక మిత్రుడు అడ్డు తగిలాడు. "ఇదంతా అలవాటు మహిమ. చిన్నప్పటి నుంచి చూసినవి కాబట్టి అందంగా కనబడుతున్నాయి. పని, గీత అంటూ నువ్వు తర్వాత కారణాలు కూర్చుకుంటున్నావు" అన్నాడు. అందులో నిజం లేకపోలేదు. అంబాసిడరు మీద మనకున్న ప్రేమలో సగం జ్ఞాపకాలదే. అయినా అలవాటు ఒక్కటే కారణమైతే 1984లో వచ్చిన కాంటెస్సా మీద కూడా అంతే ప్రేమ వుండాలి. అది కూడా 2002 దాకా రోడ్ల మీద కనబడుతూనే వచ్చింది. ఆకారంలో అంబాసిడరు కంటే పెద్దది, ఠీవిలోనూ పెద్దది. అయినా చూడగానే 1970ల నాటిదని చెప్పేస్తుంది, ఎందుకంటే ఆ పొడుగు ముక్కు ఆ కాలపు దర్జా కోసం పెట్టినది. రెండో ఒంటితో 1986లో వచ్చిన మారుతి 800 చిన్న చిన్న మార్పులతోనే 2014 దాకా నడిచింది. దానిలో దాచుకోవడానికి ఏమీ లేదు, చూపించుకోవడానికీ ఏమీ లేదు.

ఈ లెక్కన ఇవాళ్టి కార్లలో రేపు మొట్టమొదట ముదిరేవి ఏవో వూహించడం కష్టం కాదు. ముఖం ఈ చివర నుంచి ఆ చివర దాకా గీసిన దీపాల గీత. స్టీరింగు పక్కన నిలబెట్టిన పెద్ద టచ్ తెర. అందరూ ఒకేసారి పెట్టుకున్న బొట్టు అందరికీ ఒకేసారి పాతబడుతుంది. తెర వయసు ఫోను వయసంత, కారు వయసంత కాదు. పదేళ్ల కిందటి ఫోను ఇవాళ చేతిలో పట్టుకుని చూడండి, తెలుస్తుంది.

మిర్యాలగూడ రైస్ మిల్లుల వాళ్లను చూసి మనం ఒక పాఠం నేర్చుకోవాలి. మిల్లుకు యంత్రం కొనేటప్పుడు వాళ్లు దాని రంగు చూడరు. బియ్యం ఎంత వస్తుంది, నూక ఎంత పోతుంది అని దోసిట్లో పోసుకుని చూస్తారు. అదే మనిషి కూతురి పెళ్లికి కారు పెట్టేటప్పుడు మాత్రం ఈ ఏటి ముఖమే కావాలంటాడు, అవసరమైతే అప్పు చేస్తాడు. నూక చూసే కన్ను అక్కడ ఏమైపోతుందో తెలియదు.

ఇంజనీరింగు చదువుతున్న సోదర విద్యార్థులకు నా మనవి ఒక్కటే. రేపు మీలో ఎవరైనా కారు గీసే చోట కూర్చుంటే, ప్రతి గీతనూ "నువ్వేం పని చేస్తావు?" అని అడగండి. జవాబు చెప్పలేని గీతను చెరిపేయండి. ఆ గీత ఖరీదు కంపెనీ కట్టదు, వాయిదాలు కట్టేవాడు కడతాడు. ఇక కొనే మనకు, బేరానికి వెళ్లే మనకు కూడా పని వుంది. కోదాడ టాక్సీ ఆయన ఇంకా పాత బండితోనే వున్నాడు. ఈసారి పెళ్లికి కారు మాట్లాడేటప్పుడు మన పెద్దలు ముందు బానెటు ఎత్తి చూస్తే, ముఖం సంగతి తర్వాత చూసుకుంటే, ఆయన ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.